వజ్రము: కథయు, నిజమును

నవరత్నములలో వజ్రమునకు గల గౌరవము మరి యే రత్నమునకును లేదు. చలింపని నిశ్చయము గలవానిని వజ్రసంకల్పుడందుము. దృఢమైన శరీరము గలవానిని వజ్రకాయుడందుము. ఒక సంస్థకు అరువదియేండ్లు నిండినచో వజ్రోత్సవము జరుపుదుము. చూడబోయిన అది యొక చిన్నరాయి. అది ఆకలి తీర్చదు, దాహము తీర్చదు, చలికి కప్పుకొనుటకు పనికిరాదు. అట్టి రాయికి ఇంత ప్రతిష్ఠ యెట్లు కలిగినది? దానిని గూర్చి లోకము చెప్పుకొన్న కథలలో నిజమెంత? కల్పన యెంత? ఈ విచారణ తెలుగువారికి మరింత తగినది. ఏలయన, లోకమున పేరుమోసిన వజ్రములలో పెక్కు తెలుగునేల నుండి వెలువడినవే.

పాశ్చాత్యదేశములందు ఒక్కొక్క నెలకు ఒక్కొక్క రత్నమును చెప్పు ఆచారము కలదు. ఏ నెలలో పుట్టినవారు ఆ నెల రత్నమును ధరించినచో శుభము కలుగునని వారి నమ్మకము. ఆ లెక్కను బట్టి ఏప్రిల్ నెలలో పుట్టినవారికి వజ్రము జన్మరత్నము. యూదుల ప్రధానయాజకుడు తన రొమ్ముపై ధరించిన పతకమున పండ్రెండు రత్నములుండెనని వారి మతగ్రంథము చెప్పుచున్నది. ఆ పండ్రెండింటిని పండ్రెండు నెలలతో జతపరచిన ఊహ నుండి ఈ ఆచారము పెరిగినది. అయితే నేడు దుకాణములలో కనబడు పట్టిక అంత ప్రాచీనమైనది కాదు. అమెరికాదేశమందలి నగల వర్తకుల సంఘమొకటి 1912వ సంవత్సరమున దానిని స్థిరపరచినది. మన దేశమున లెక్క వేరు. ఇచ్చట రత్నము నెలకు గాక గ్రహమునకు చెందును. సూర్యునకు కెంపు, చంద్రునకు ముత్యము, కుజునకు పగడము, శుక్రునకు వజ్రము. ఈ రెండు లెక్కలును ఒకదానితో నొకటి పొసగవు. ఏప్రిల్ నెలలో పుట్టిన పిల్లవానికి ఒక పద్ధతి వజ్రము పెట్టుమనును. రెండవది అతని జాతకమును చూచి వేరొక రత్నమును చెప్పవచ్చును. రాయి ఒక్కటే, దానికి అర్థము కల్పించువారు వేరు. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో వజ్రమును గూర్చిన తక్కిన కథలను అర్థము చేసికొనుట సులభమగును.

వజ్రమను మాటకు సంస్కృతమున రెండర్థములు గలవు. ఒకటి ఇంద్రుని ఆయుధమైన పిడుగు, రెండవది రత్నము. ఈ రెండింటిని కలుపు కథ దధీచి మహర్షిది. వృత్రాసురుని సామాన్యాయుధములతో చంపుట దేవతలకు సాధ్యము కాలేదు. తపోధనుడైన దధీచి యెముకతో చేసిన ఆయుధమే వానిని చంపగలదని తెలిసి వారు ఆ ఋషి కడకు పోయి యాచించిరి. ఆయన క్షణమైనను సంశయింపక తన దేహమును విడిచెను. ఆ యెముకయే వజ్రాయుధమైనది. గరుడపురాణమందు మరియొక కథ కలదు. బలుడను అసురుడు ఇంద్రాదులను జయించెను. దేవతలు అతనిని ఎదిరింపలేక, తమ యజ్ఞమునకు పశువు కమ్మని వరము వేడిరి. ఇచ్చిన మాటకు కట్టుబడి అతడు ప్రాణము నర్పించెను. అతని యవయవములు రత్నములకు బీజములైనవి. యెముకలు పడినచోట వజ్రములు పుట్టినవి. మొదటి కథలో దాత ఋషి. రెండవ కథలో దాత అసురుడు. కాని రెండింటి సారము ఒక్కటే. పరుల కొరకు తన్ను తాను అర్పించుకొన్నవాని యెముక కంటె గట్టిది లోకమున లేదని మన పూర్వులు భావించిరి. వారి దృష్టిలో వజ్రము సంపదకు గుర్తు కాదు. మాట నిలుపుకొనుటకు గుర్తు.

ఇట్టి కథలు చెప్పుకొన్నవారు విమర్శ యెరుగనివారని తలంపరాదు. ఆరవ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో రత్నపరీక్షను గూర్చి వ్రాయుచు, రత్నములు బలుని నుండి పుట్టినవని కొందరును, దధీచి నుండి పుట్టినవని కొందరును చెప్పుదురని పేర్కొని, భూమి స్వభావము చేతనే రాళ్లకు ఆ వైచిత్ర్యము కలిగినదని మరికొందరందురని కూడ చేర్చెను. పదునాలుగు వందల యేండ్లకు పూర్వమే ఈ మూడవ అభిప్రాయమునకు గ్రంథమున చోటు లభించుట గొప్ప విషయము. నేటి భూగర్భశాస్త్రము చెప్పునది ఆ మూడవ మాటయే.

గ్రీకులు వజ్రమును అదమాస్ అనిరి. జయింపరానిదని దాని యర్థము. ఆ మాట నుండియే ఐరోపా భాషలలో వజ్రమునకు పేర్లు పుట్టినవి. రోమక పండితుడైన ప్లీనీ ఒకటవ శతాబ్దమున వ్రాసిన ప్రకృతిచరిత్రలో వజ్రమును కమ్మరి దాగలిపై నుంచి సుత్తితో కొట్టినచో సుత్తి పగులును గాని రాయి పగులదనెను. దానిని మెత్తపరచగలది క్రొత్తగా కారిన వెచ్చని మేకరక్తమొక్కటే యని కూడ వ్రాసెను. ఆ మాటలను వందలయేండ్లు జనులు నమ్మిరి. నమ్మి ఊరకుండిరా? తమకు దొరికిన రాయి నిజమైన వజ్రమా కాదా యని తెలిసికొనుటకు సుత్తితో కొట్టి చూచుట ఒక పరీక్షగా చెల్లుబడి యయ్యెను. ఆ పరీక్షలో గెలుచుట నిజమైన వజ్రమునకు కూడ సాధ్యము కాదు. అది ముక్కలైనంతనే, ఇది వజ్రము కాదని పారవేయుటయు జరుగును. ఒక తప్పుడు మాటను పరీక్షింపక నమ్మినందువలన, చేతనున్న పెన్నిధిని తమ చేతులతోనే పొడి చేసికొనుట ఇట్టిది.

దీనికి కారణమేమి? గట్టిదనము వేరు, పగులకుండుట వేరు. ఒక వస్తువు మరియొక వస్తువును గీయగలిగినచో మొదటిది గట్టిది. జర్మను పండితుడు మోస్ 1812లో ఖనిజముల గట్టిదనమును కొలుచుటకు పది మెట్ల పట్టికను కూర్చెను. అందు పదవ మెట్టు వజ్రముదే. ప్రకృతిలో దొరకు ఏ ఇతర ఖనిజమును దానిని గీయజాలదు. కాని వజ్రమున అణువులు కొన్ని తలముల వెంట వరుసలు తీరియుండును. ఆ తలము వెంబడి దెబ్బ తగిలినచో, నారవెంట కట్టె చీలినట్లు వజ్రము చీలును. గోవాలో నివసించిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో ప్రకటించిన గ్రంథమున, చిన్న సుత్తితోనే వజ్రము సులభముగ పగులునని వ్రాసి ప్లీనీ మాటను ఖండించెను. ప్రాచీన గ్రంథమునందు ఉన్నంత మాత్రమున ప్రమాణము కాదని, కన్నులార చూచినదే ప్రమాణమని ఆయన ధైర్యముగ పలికెను.

మరి వజ్రమును సానబట్టుట యెట్లు? వజ్రమును వజ్రమే కోయునను లోకోక్తి యందే సమాధానమున్నది. వజ్రపు పొడిని నూనెతో కలిపి, తిరుగుచున్న ఉక్కు చక్రముపై పూసి, దానిపై రాతిని ఒరయుదురు. గనినుండి వచ్చిన వజ్రము చూచుటకు పటికముక్క వలె మసకగా నుండును. తగిన కోణములలో ముఖములు తీర్చిన తరువాతనే లోపల జొచ్చిన వెలుగు అనేక పర్యాయములు పరావర్తనము చెంది, రంగురంగులుగా విడివడి వెలికి వచ్చును. దానికి రవ్వ యను పేరును కలదు. నిప్పురవ్వకును, వజ్రపు రవ్వకును మన భాషలో ఒకటే మాట.

వజ్రమును గూర్చిన మరి రెండు నమ్మకములను కూడ ఇట్లే పరీక్షింపవచ్చును. ఉత్తమమైన వజ్రము తేలికయై నీటిపై తేలునని ప్రాచీన రత్నశాస్త్రములు చెప్పినవి. వాస్తవముగ వజ్రము నీటికంటె సుమారు మూడున్నర రెట్లు బరువైనది. అది తప్పక మునుగును. వజ్రపు పొడి మింగినచో ప్రాణము పోవునని కథలలో వినుచుందుము. ఇటలీ దేశపు శిల్పి చెల్లీనీ తనను చంపుటకు శత్రువులు ఆహారమున వజ్రపు పొడి కలుపజూచిరనియు, పొడి చేయువాడు వజ్రమును తాను దాచుకొని చవుకరాతిని నూరి యిచ్చుటచే తాను బ్రతికితిననియు స్వీయచరిత్రలో వ్రాసికొనెను. కాని ఓర్తా ఈ మాటను కూడ అంగీకరింపలేదు. గనులలో వజ్రములను మింగి దాచుకొన్నవారికి ఏ హానియు కలుగలేదని ఆయన చూపెను. వజ్రమున విషగుణము లేదు.

ఇక వజ్రములు దొరకు విధమును గూర్చిన కథలు మరింత వింతయైనవి. పదమూడవ శతాబ్దపు చివరిభాగమున వెనిసు నగరవాసి మార్కోపోలో మన తీరమందలి మోటుపల్లి రేవును వర్ణించెను. అప్పుడు ఆ దేశమును న్యాయముగ పాలించుచున్న రాణిని ఆయన మిక్కిలి కొనియాడెను. ఆమెయే కాకతీయ రుద్రమదేవియని చరిత్రకారులు గుర్తించిరి. రాజ్యమును గూర్చి చెప్పుచు మార్కోపోలో వజ్రములు సంపాదించు మార్గములను వివరించెను. వానలు కురిసినప్పుడు కొండలనుండి వాగులు పొంగి దిగును. నీరు తీసిన పిమ్మట జనులు ఆ వాగులలో వెదకి వజ్రములు ఏరుకొందురు. ఇది మొదటిది. రెండవది లోయల కథ. పాములతో నిండిన లోతైన లోయలలో వజ్రములుండును, మనుష్యులు దిగజాలరు, అందుచే మాంసఖండములను లోనికి విసరుదురు, వజ్రములు వానికి అంటుకొనును, తెల్లని గ్రద్దలు ఆ మాంసమును కొండపైకి తెచ్చుకొనును, జనులు కేకలు వేసి గ్రద్దలను తరిమి రాళ్లను ఏరుకొందురు.

ఈ రెండవ కథను తెలుగువారు కల్పించినది కాదు. మార్కోపోలోకు తొమ్మిదివందల యేండ్ల ముందే సైప్రసు ద్వీపపు మతాచార్యుడు ఎపిఫేనియసు వేరొక దేశమునకు, వేరొక రత్నమునకు ఈ కథనే ముడిపెట్టి వ్రాసెను. అరేబియా రాత్రుల కథలలో సిందుబాదు రెండవ యాత్రయందును ఇదియే వచ్చును. ఓడలతోపాటు కథలు కూడ రేవునుండి రేవునకు ప్రయాణము చేయును. వర్తకులకు ఇట్టి కథ లాభకరమైనది కూడ. సరుకు దొరకుచోట పాములున్నవని విన్నవాడు అచ్చటికి తాను పోవుటకు సాహసింపడు. చెప్పిన వెల యిచ్చి కొనును. కాని అదే వర్ణనలో మొదటి మాట, వానల తరువాత వాగులలో వెదకుట, అచ్చమైన నిజము. వింతయైనది లోకమంతట వ్యాపించినది. నిజమైనది మరుగున పడినది.

ఆ నిజమును కన్నులార చూచి వ్రాసినవాడు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్. పదునేడవ శతాబ్దమున ఆయన ఆరు పర్యాయములు ప్రాచ్యదేశములకు వచ్చి వజ్రపు గనులను దర్శించెను. కృష్ణాతీరమందలి కొల్లూరు గనిని గూర్చి ఆయన వినిన వృత్తాంతమిది. సుమారు నూరేండ్లకు పూర్వమొక బీదవాడు జొన్నలవంటి చిరుధాన్యము చల్లుటకై నేల త్రవ్వుచుండగా మొనదేరిన రాయి యొకటి దొరకెను. దానిని గోలకొండకు తీసికొనిపోగా అది యిరువదియైదు కారట్ల వజ్రమని తేలెను. గోలకొండయందు గనులు లేవు. అది రాజధాని, కోట, అంగడి. గనులు దూరముగ నదీతీరములందుండెను. అయినను సరుకు అమ్ముడుపోయిన చోటి పేరే లోకమున నిలిచి, గోలకొండ వజ్రములని ప్రసిద్ధి కలిగినది.

కొల్లూరు గనిలో స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి అరువదివేల మంది పనిచేయుచుండిరని టావెర్నియర్ వ్రాసెను. పని మొదలిడుటకు ముందు దేవతాపూజ చేసి భోజనములు చేసెడివారు. పురుషులు పది, పండ్రెండు, పదునాలుగు అడుగుల లోతువరకు త్రవ్వెడివారు. స్త్రీలును, పిల్లలును ఆ మట్టిని మోసి, రెండడుగుల గోడ కట్టిన మడిలో పోసెడివారు. నీరుపోసి ఒకటి రెండు దినములు నానబెట్టి, గోడ అడుగున విడిచిన తూములను తెరచి బురదను కడిగివేసెడివారు. మిగిలిన యిసుకను ఎండబెట్టి, ధాన్యమును తూర్పారబట్టినట్లు చేటలతో చెరిగి, గడ్డలను కఱ్ఱ రోకళ్లతో నలిపి, చివరకు చేతులతో ఏరెడివారు. వ్యవసాయము నెరిగిన జనము తమకు తెలిసిన పనిముట్లతోనే, తమకు తెలిసిన పద్ధతితోనే లోకమునకు వజ్రముల నందిచ్చిరి.

వారికి దక్కినదేమి? విజాపుర రాజ్యములోని మరియొక గనిలో పనివానికి ఏడాదికి మూడు వరహాలు మాత్రమే లభించుచుండెనని టావెర్నియర్ తెలిపెను. పని బాగుగ తెలిసినవారికే ఈ జీతము. కూలి చాలక కొందరు రాళ్లను దాచెడివారు. ఒకడు చిన్న వజ్రమును కంటికొలికిలో దాచి పట్టుబడెనట! అదే గని యొద్ద మరియొక దృశ్యమును కూడ ఆయన చూచెను. ఉదయమున ఊరిలోని పెద్దచెట్టు క్రింద వర్తకుల కుమారులు కూర్చుండెడివారు. వారి వయస్సు పది మొదలు పదునారేండ్లలోపు. ఒక ప్రక్క తూనికరాళ్ల సంచి, మరియొక ప్రక్క నడుమున డబ్బుసంచి. కొందరి సంచులలో అయిదారువందల వరహాలుండెను. ఎవడైనను వజ్రము తెచ్చినచో వారిలో పెద్దవానికి ఇచ్చును. అతడు చూచి మాటాడక ప్రక్కవానికి అందించును. అట్లు చేతినుండి చేతికి పోయి రాయి మరల పెద్దవానిని చేరును. అప్పుడతడు బేరమాడును. ఎక్కువ వెల పెట్టినచో నష్టము అతనిదే. సాయంకాలము కొన్న రాళ్లన్నింటిని నాణ్యమును బట్టి విడదీసి పెద్ద వర్తకులకు అమ్మి, లాభము పంచుకొనెడివారు. పెద్దల బేరములు ఇంకను మౌనముగ సాగెడివి. నడికట్టు చెంగు క్రింద చేతులు కలిపి, పూర్తి వ్రేలికి నూరు, సగము వ్రేలికి ఏబది, వ్రేలికొనకు పది యని తాకుటచేతనే వెలలు తెలిపికొనెడివారు. ప్రక్కనున్నవానికి కూడ ఆ వెల తెలియదు.

ఒకే కాలమున, ఒకే వయస్సు పిల్లలలో, కొందరి తలపై మట్టితట్ట. కొందరి నడుమున వరహాల సంచి. కథలలో పాములు, గ్రద్దలు, దేవతలు, అసురులు కనబడుదురు గాని మట్టి మోసిన ఈ పిల్లలు కనబడరు. వజ్రపు చరిత్రను చదువువారు వీరిని కూడ చూడవలెను.

పదునెనిమిదవ శతాబ్దమున బ్రెజిలు దేశమున గనులు బయలుపడువరకు లోకమునకు వజ్రములు అందించిన ముఖ్యదేశము మనదే. తరువాత 1867 ప్రాంతమున దక్షిణాఫ్రికాలో ఆరెంజి నదీతీరమున ఒక రైతు కుమారుడు ఆటకై యేరుకొన్న రాయి వజ్రమని తేలినది. ఆ దేశపు గనుల ముందు మన గనుల పేరు క్రమముగ సన్నగిల్లెను. హైదరాబాదు నైజాము నగల ట్రస్టు కడనుండి 1995లో భారతప్రభుత్వము కొన్న ప్రసిద్ధమైన జాకబు వజ్రము కూడ దక్షిణాఫ్రికా గనులలో పుట్టినదే. గోలకొండను ఏలిన దేశపు ప్రభువు వజ్రమును సముద్రము దాటించి తెప్పించుకొనవలసి వచ్చెను! ఒకప్పుడు అరువదివేల మందితో కలకలలాడిన కొల్లూరు గనిప్రదేశము నేడు పులిచింతల జలాశయపు నీట మునిగియున్నది.

వజ్రము దేనితో చేయబడినదను ప్రశ్నకు సమాధానము పదునెనిమిదవ శతాబ్దపు చివరనే లభించినది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవాజియే 1772లో పెద్ద కటకముతో సూర్యకిరణములను కేంద్రీకరించి వజ్రమును కాల్చి చూచెను. అది కాలి వాయువుగా మారెను. 1797లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు స్మిత్సన్ టెన్నెంటు, వజ్రమును కాల్చినను, అంతే బరువుగల బొగ్గును కాల్చినను సమానమైన బొగ్గుపులుసు వాయువే వచ్చునని నిరూపించెను. అనగా వజ్రము శుద్ధమైన కర్బనము. పెన్సిలులోని గ్రాఫైటు కూడ కర్బనమే. గ్రాఫైటున అణువులు పొరలుగా నుండి సులభముగ జారును. వజ్రమున ప్రతి అణువును నాలుగువైపుల నాలుగణువులు గట్టిగా పట్టుకొనియుండును. పదార్థ మొక్కటే యైనను కూర్పు వేరగుటచే ఒకటి కాగితముపై అరుగును; రెండవది ఉక్కును అరగదీయును.

ఈ కూర్పు కలుగుటకు అపారమైన వేడిమియు, ఒత్తిడియు కావలెను. అవి భూమిలోపల సుమారు నూటయేబది కిలోమీటరుల లోతున గాని లభింపవు. అచ్చట పుట్టిన వజ్రములను ప్రాచీన కాలమున అగ్నిపర్వతముల వంటి ఉద్భేదములు పైకి తెచ్చినవి. ఆ శిలను కింబర్లైటు అందురు. అనంతపురము జిల్లా వజ్రకరూరు పరిసరములలో ఇట్టి శిలలు గలవు. అవి నూరు కోట్ల సంవత్సరములకు పైబడినవి. ఎండవానలకు ఆ శిలలు అరిగి, వజ్రములు మట్టిలోను కంకరలోను కలసినవి. వాన కురిసినప్పుడు మట్టి కొట్టుకొనిపోయి ఒకటి రెండు పైకి తేలును. మార్కోపోలో చెప్పిన మొదటి మార్గమునకు కారణమిదియే.

రాళ్లు లోకము చుట్టివచ్చినకొలది కథలును పెరిగినవి. టావెర్నియర్ మన దేశమున కొనిపోయి ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయికి అమ్మిన నీలి వజ్రము 1792లో దొంగల పాలై, తరువాత తిరిగి చెక్కబడి హోపు వజ్రమను పేర వెలసెను. దానిని విగ్రహపు కంటినుండి దొంగిలించిరనియు, ముట్టినవారందరు నశింతురనియు, టావెర్నియర్‌ను కుక్కలు చీల్చి చంపినవనియు కథలు పుట్టినవి. వీనిని ప్రచారము చేసినవి ఇరువదవ శతాబ్దపు తొలి పత్రికలు. నిజమునకు టావెర్నియర్ ఎనుబదియేండ్లు దాటి జీవించి 1689లో మాస్కో నగరమున మరణించెను. ఆ వజ్రము 1958 నుండి అమెరికాలో స్మిత్సోనియను ప్రదర్శనశాలయందున్నది. లక్షలకొలది జనులు దానిని చూచి క్షేమముగ ఇండ్లకు పోవుచున్నారు.

కోహినూరు కథ దీనికంటె గంభీరమైనది. అది పురుషులకు అచ్చిరాదని, స్త్రీలే ధరింపవలెనని చెప్పుకొందురు. అది తెలుగుదేశపు గనులలో పుట్టినదని ప్రతీతి. 1739లో నాదిర్షా ఢిల్లీని కొల్లగొట్టి దానిని పారశీకమునకు తీసికొనిపోయెను. ఆఫ్ఘను రాజుల నుండి పంజాబు ప్రభువు రణజిత్ సింగునకు చేరెను. 1849లో ఆంగ్లేయులు పంజాబును జయించినప్పుడు సంధిపత్రమున ఈ వజ్రమును విక్టోరియా రాణికి అప్పగింపవలెనని వ్రాయించిరి. దానికి సమ్మతించి వ్రాలు చేసిన మహారాజు దులీపు సింగు వయస్సు పదియేండ్లు. 1852లో లండనులో దానిని తిరిగి చెక్కగా 186 కారట్లుండినది సుమారు 105 కారట్లకు తగ్గెను. నేడది బ్రిటిషు రాజకిరీటములతో లండను కోటలో నున్నది. ఈ చరిత్రలో కనబడు కష్టములకు రాతి శాపము కారణము కాదు. బలవంతుని ఆశ కారణము. శాపమను మాట చెప్పినచో చేసినవాని తప్పు రాతిపైకి పోవును. శాపకథలలోని అపాయమిదియే.

కథల బలము నేటికిని తగ్గలేదు. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి ప్రాంతములలోను, వజ్రకరూరు చుట్టుపట్లను తొలకరి వానలు పడినంతనే జనులు పొలములలో చేరుదురు. దూరపు జిల్లాలనుండి పిల్లలతో వచ్చి, చెట్ల క్రింద వండుకొని తిని, ఉదయము మొదలు సాయంకాలము వరకు నేలను చూచుచు నడుతురు. విజయనగర ప్రభువుల కాలమున రత్నములను రాసులుగా పోసి అమ్మిరను మాట వారి నోట వినబడును. నిజముగనే కొందరికి వజ్రములు దొరకును. ఆ వార్త పదిమందికి తెలియును. దొరకనివారి వార్త ఎవరికిని తెలియదు. ఒక్కని భాగ్యమును విని వేయిమంది బయలుదేరుదురు. వేయిమంది కూలిదినములు గడచిపోవును. విత్తిన చేనిని త్రొక్కుటచే రైతు నష్టపోవును. దొరికినవానికి రాతి నాణ్యము తెలియదు. అతని యవసరమును కనిపెట్టిన దళారి తాను చెప్పిన వెలకే దానిని కొనిపోవును. మూడువందల యేండ్ల క్రిందట చెంగు చాటున సాగిన బేరము రూపు మార్చుకొని నిలిచియున్నది. ఆ చెంగును తొలగించునది పరిజ్ఞానమొక్కటే. రాతి బరువెంత, దాని స్వచ్ఛత యెట్టిది, వెల కట్టు విధమెట్టిదను సంగతులు నేర్చినవాడు మోసపోడు. కారటనగా గ్రామున అయిదవ వంతు. ఈ చిన్న లెక్క తెలియుట కూడ ఒక రక్షయే.

అట్లని కథలను పారవేయవలసిన పనిలేదు. శుక్రగ్రహము వజ్రమును చూచి కరుణించునా యన్నది ఎవరి నమ్మకము వారిది. కాని దధీచి కథ త్యాగమును బోధించును. బలుని కథ సత్యమును బోధించును. వానిని చరిత్రగా గాక బోధగా గ్రహించినచో అవి యేనాటికిని అసత్యములు కావు. బౌద్ధులు వజ్రమునకు మరియొక అర్థము చెప్పిరి. వారి మహాయాన గ్రంథములలో వజ్రచ్ఛేదిక యను పేరుగలది యొకటి కలదు. వజ్రము వలె కోయునట్టి ప్రజ్ఞ యని దాని భావము. 868లో చైనా భాషయందు అచ్చువేయబడిన ఆ గ్రంథపు ప్రతి నేటికి నిలిచియున్నది. తేదీ గల అచ్చుపుస్తకములలో మిక్కిలి పురాతనమైనది అదియే. వారి దృష్టిలో వజ్రము అలంకారము కాదు, భ్రమను ఛేదించు బుద్ధి.

రత్నమును కొనుటకు ధనము కావలెను. ఈ బుద్ధిని సంపాదించుటకు ధనముతో పనిలేదు. సుత్తిదెబ్బకు వజ్రము పగులదని గ్రంథమున చదివినప్పుడు, అది నిజమా యని యడిగిన వైద్యుని బుద్ధి అట్టిది. రత్నములు భూమి స్వభావము వలన పుట్టినవనువారి మాటను కూడ విడువక వ్రాసిన వరాహమిహిరుని బుద్ధి అట్టిది. కథలోని సారమును గ్రహించి, కల్పనను వేరుచేసి, మరుగునపడిన శ్రమను గుర్తించు బుద్ధి ఏ నెలలో పుట్టినవారికైనను తగిన జన్మరత్నము.